మేము అడగని రంది

ఆ ఫొటోలో ఒక్కతే మనిషి. అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచి బీడీలు చుడుతున్న పెద్దామె. వెనక తెరిచిన తలుపు, తలుపు లోపల చీకటి. 2023 వేసవిలో హైదరాబాద్‌లో మా విద్యార్థుల ఫొటోలు ప్రదర్శనకు పెట్టినప్పుడు ఆ నలుపు తెలుపు బొమ్మ ముందు జనం చాలాసేపు నిలబడ్డారు. ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. తీసిన విద్యార్థికి పేరొచ్చింది. పాఠం చెప్పిన నాకు ఇంకొంచెం ఎక్కువే వచ్చింది.

ఆ రోజు ఆ అరుగు మీద ముగ్గురున్నారు. ఆమె, ఆమె యారాలు, ఎదురింటి కోడలు. ఒకరి చాటలోని ఆకు ఇంకొకరు అందుకుంటూ, ఎవరింటి పెళ్లి సంగతో చెప్పుకుంటూ నవ్వుతున్నారు. ఆ ఇద్దరినీ పక్కకు జరగమన్నది నేనే. "మేమేం జేసినం సారూ?" అని అడిగింది ఎదురింటి కోడలు. ఏం చెప్పానో గుర్తు లేదు. వెలుతురు సరిగ్గా పడడం లేదనో ఏదో అని ఉంటాను. వాళ్లు లేచి గోడవార నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది. పెద్దామె ఏం చెయ్యాలో తోచక తల వంచుకుంది. ఆ క్షణమే మా విద్యార్థి మీట నొక్కాడు.

పల్లెల్లో ఒంటరితనాన్ని కెమెరాలో పట్టుకోవాలని మేము వెళ్లాం. ఆ అరుగు మీద అది లేదు. మేమే దాన్ని తయారుచేసి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించాం.

నేను ఒక కాలేజీలో ఫొటోగ్రఫీ చెబుతాను. మాది జగిత్యాల జిల్లా, గొల్లపల్లి మండలం. ఊరి పేరు రాయను. రాస్తే ఆ అరుగు ఎవరిదో తెలిసిపోతుంది. ఇంత జరిగాక ఆ మాత్రం మర్యాదయినా పాటించాలి. 2022 డిసెంబరులో పదకొండు మంది విద్యార్థులను తీసుకుని ఆరు రోజులు అక్కడే ఉన్నాను. ఇది నా ఒక్కడి తప్పని రాసేస్తే నాకు తేలికగానే ఉంటుంది. కానీ ఆ పని పథకం రాసినప్పుడు పదిమందిమి బల్ల చుట్టూ కూర్చున్నాం. దాన్ని చదివి మెచ్చుకున్న పెద్దలున్నారు, ఫొటోలు ఏరినవాళ్లున్నారు, చూసి కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లున్నారు. మాలో ఎక్కువమందికి ఎక్కడో ఒక ఊరుంది. ఆ ఊళ్లో ఒక తల్లి ఉంది. అందుకే 'మేము' అంటున్నాను. అన్నిటికంటే ముందు ఆ మాటలో నేనున్నాను.

మా పథకంలో మొదటి వాక్యం 'శ్రేయస్సు' అనే మాటతో మొదలైంది. ఇంగ్లీషులో రాసుకున్నదానికి అది మేము చేసుకున్న తెలుగు. ఒంటరితనం ఇప్పుడు ప్రపంచమంతా పట్టించుకుంటున్న సంగతి. బ్రిటన్ 2018లో దానికోసం ఒక మంత్రిని పెట్టింది, 2021లో జపాన్ పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దానివల్ల ఏడాదికి 8 లక్షల 71 వేలకు పైగా మరణాలు జరుగుతున్నాయని లెక్క కట్టింది. కాబట్టి మేము ఎత్తుకున్న విషయం చిన్నదీ కాదు, పనికిరానిదీ కాదు. దాన్ని పట్టుకుని ఊళ్లోకి ఎలా వెళ్లామన్నదే మమ్మల్ని నిలదీస్తుంది.

గొల్లపల్లి, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా దుబాయి పోయినవాడు లేని వాడకట్టు దొరకడం కష్టం. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలైనప్పటి నుంచి మా వైపు మగవాళ్లు బొంబాయి మీదుగా మస్కట్, దుబాయి, కువైట్ పోతూనే ఉన్నారు. మొదట చెరువు కింద భూమి లేనివాళ్లు పోయారు, తర్వాత భూమి ఉండి నీళ్లు లేనివాళ్లు, ఆ తర్వాత బోర్ల అప్పుల్లో మునిగినవాళ్లు. సిరిసిల్లలో సాంచెలు (మరమగ్గాలు) ఆగినప్పుడు పద్మశాలీల పిల్లలు కూడా అదే దారి పట్టారు. పదో తరగతి దాటనివాళ్ల పాస్‌పోర్టులో 'ఈసీఆర్' అని ఉంటుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం వాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అది తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తాడు. అక్కడ దిగాక కంపెనీ వేరే, జీతం వేరే. పారిపోయి బయట పనిచేస్తే ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి. ఇదంతా మా ఊళ్లో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. మా పథకంలో దీనికి ఒకే ఒక్క పంక్తి దక్కింది. మాకు కావలసింది కారణాలు కావు, ముఖాలు.

నా చిన్నప్పుడు ఊళ్లో ఫోన్లు లేవు. నేను హైస్కూలుకు పోతున్న రోజుల్లో మా వాడకట్టులో ఆడవాళ్లకు మస్కట్ ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. నీలం రంగు ఎయిరోగ్రామ్ మీద 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము' అని నేనే మొదలుపెట్టేవాణ్ని. అది వాళ్లు చెప్పనక్కర్లేదు. తర్వాత వాళ్లు చెప్పేది: బర్రె ఈనింది, పిల్లకు జరమొచ్చి తగ్గింది, అప్పాయన అచ్చి అడిగిపోయిండు. చివర్లో కొంచెం ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రంది పెట్టుకోవద్దని రాయి బిడ్డా" అనేవాళ్లు. నేను రాసేవాణ్ని. ఆ మాట నా చేత్తో ఎన్ని వందలసార్లు రాశానో లెక్క లేదు. ఒక్కోసారి అవతలి నుంచి క్యాసెట్ వచ్చేది. టేప్‌రికార్డర్ ఉన్న ఇంట్లో అందరూ చేరి ఒక మనిషి గొంతు వినేవాళ్లు. ఆ గొంతు కూడా చివర్న అదే అనేది, రంది పెట్టుకోకుండ్రి అని.

అట్లాంటివాణ్ని, 2022లో నా సొంత వాడకట్టుకు ప్రశ్నల కాగితం పట్టుకుని పోయినప్పుడు, దానిమీద 'మీకు ఒంటరితనం అనిపిస్తుందా? ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు' అని అచ్చు వేయించుకుని పోయాను. అమెరికాలో తయారైన ఒక కొలబద్దను తెలుగు చేశాం. ప్రతి ఇంట్లో అదే జవాబు. "ఒంటరితనమా? ఇంటి నిండ మందున్నరు గద." "నాకేం ఒంటరి బిడ్డా, పొద్దంత నలుగుట్ల కూసుంట." విద్యార్థులు 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు పెట్టుకుంటూ పోయారు. రాత్రి కూర్చుని లెక్క చూసుకుంటే మా ఊరు పరమ సంతోషంగా ఉన్నట్టు తేలింది. అప్పుడు మేమేం చేశాం? ప్రశ్న తప్పేమోనని అనుమానించలేదు. వీళ్లు మనసు విప్పడం లేదని తీర్మానించుకున్నాం. "మాటల్లో చెప్పలేరు, ముఖాల్లో పట్టుకోండి" అని నేనే అన్నాను.

ఆ మర్నాడే అరుగు మీద ముగ్గురిలో ఇద్దరిని లేపింది.

మా విద్యార్థుల్లో కృష్ణా తీరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. మా అవ్వ (అమ్మను మేం అలాగే అంటాం) దగ్గరే పడుకునేది. మూడో రాత్రి నా దగ్గరకొచ్చి, "సార్, రంది అంటే ఏమిటి? అమ్మగారూ పక్కింటావిడా రాత్రంతా ఆ మాటే అనుకుంటున్నారు" అని అడిగింది. నేను "బెంగ లాంటిదమ్మా, ఇక్కడి యాస" అని చెప్పి మళ్లీ కెమెరా కార్డులు సర్దుకున్నాను. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. పాఠం అక్కడుంది. పంతులు తల తిప్పుకున్నాడు.

బెంగ లాంటిది కాదు రంది. దూరాన ఉన్న ఒక మనిషి కోసం మనసు లోపల నిలవకుండా తిరుగుతూ ఉండడం. తింటుంటే గుర్తుకొచ్చి ముద్ద దిగకపోవడం, నిద్రలో ఉలిక్కిపడి గడియారం చూసి ఇప్పుడు వాడికి ఎంతయిందని లెక్కకట్టడం. రంది పడేవాళ్ల చుట్టూ పదిమంది ఉండవచ్చు. అరుగు నిండా నవ్వులుండవచ్చు. అయినా లోపల అది ఉంటుంది. ఒంటరితనం మనిషి లేకపోతే వస్తుంది, రంది మనిషి ఉంటేనే వస్తుంది. మేము 'మీకెవరూ లేరు కదా' అన్న అర్థంలో అడిగాం. వాళ్లు 'ఉన్నారు' అని నిజమే చెప్పారు. 'ఎవరి రంది మీకు?' అని ఒక్కమాట అడిగి ఉంటే ఆరు రోజులు చాలకపోయేవి.

ఫొటో తీసేముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలని మా నియమం. మంచి నియమమే. పత్రం ఇంగ్లీషులో ఉంది. ఒక ఇంట్లో ముప్పయ్యేళ్ల ఆడమనిషి ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి మా చేతికే ఇచ్చింది. "మా ఆయన గిసొంటి కాయితం మీదనే సంతకం పెట్టిపోయిండు సారూ. అండ్ల ఏం రాసుందో ఇప్పటిదాక మాకు ఎరుక లేదు" అంది. కోపంగా అనలేదు. మంచినీళ్లు కూడా ఇచ్చింది. మేము నీళ్లు తాగి, పక్కింటికి వెళ్లి, అక్కడ చదువురాని ఒక ముసలాయన వేలిముద్ర తీసుకున్నాం. పత్రాన్ని తెలుగులో రాయించి తెద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. జగిత్యాల ఎంతో దూరం లేదు, అచ్చు వేయించడానికి గంట పట్టేది. ఏజెంటు డబ్బు కోసం ఆ కాగితం పెట్టాడు, మేము కళ కోసం పెట్టాం. కాగితం పట్టుకున్న ఆ మనిషికి రెండింటికీ తేడా ఏం కనిపించాలి?

ఇంకో ఫొటో గురించి చెప్పాలి. గోడకు ముఖం తిప్పుకుని కూర్చున్న ఒక పెద్దాయన. ప్రదర్శనలో దాని కింద విషాదం గురించి నాలుగు మాటలు రాశాం. ఆయన ఎందుకు ముఖం తిప్పుకున్నాడో నాకు తెలియాలి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మా ఊళ్లలో ఫొటో అంటే పోలీసు స్టేషన్ సంగతి. కొత్తవాడు కెమెరాతో వస్తే మగవాళ్లు పెరటి దారిన పోయేవాళ్లు. చిన్నప్పుడు ఇది నేను కళ్లారా చూశాను. పిల్లలకు ఈ చరిత్ర తెలియదు. నేను చెప్పలేదు. ఒక మనిషి వెన్నులో మిగిలిన పాత భయాన్ని తీసుకుని 'వృద్ధాప్యంలో ఏకాంతం' అని పేరు పెట్టుకున్నాం.

ఇక రంగులు. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. గులాబీ, చిలకపచ్చ, ఆకాశనీలం, మీద బంగారు రంగు అంచులు. ఆ రంగులు ఎంచుకునేది ఆడవాళ్లే. కొడుకు ఫోన్లో అడుగుతాడు, ఏ రంగు వేయించమంటవు అవ్వా అని. ఆ ఇల్లు వాళ్ల గెలుపు. పదిహేనేళ్లు ఎండలో పనిచేస్తే వచ్చిన గోడ. మేము ఫొటోలన్నీ నలుపు తెలుపు చేశాం. రంగులుంటే దుఃఖం పండదని మా వాదన. తెలంగాణ ఊళ్లను, బతుకమ్మలను జీవితమంతా ఫొటోలు తీసిన వరంగల్ మనిషి భరత్ భూషణ్ 2022లోనే, మేము బయలుదేరడానికి కొన్ని నెలల ముందే కన్నుమూశారు. ఆయన గురించి తరగతిలో ఒక గంట చెప్పాను కూడా. ఊరికి వెళ్లాక ఆయన్ను మరిచిపోయి, ఎక్కడో యూరప్ పుస్తకాల్లో చూసిన బొమ్మలను గొల్లపల్లిలో వెతుక్కున్నాం.

ఫోన్లను కూడా ఫ్రేములోంచి తీసేశాం. ప్రతి ఇంట్లో ఆడవాళ్ల ఒడిలో ఫోన్ ఉంది. వాట్సాప్ కాల్ దుబాయిలో కలవదు కనుక బోటిమ్ యాప్. సాయంత్రం పనిదిగి, స్నానం చేసి, వంట గదిలో వరసలో నిలబడి కొడుకులు ఫోన్ చేస్తారు. తల్లి ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి పెట్టి అన్నం తింటుంది. అవతల వాడూ తింటాడు. రెండు దేశాల్లో ఒక పంక్తి. దీనికంటే చూడదగ్గ దృశ్యం ఏముంది? "ఫోన్ పక్కన పెట్టమ్మా, ఫొటోలో బాగుండదు" అన్నాం. అన్నవాళ్లు పిల్లలు, అనమన్నది నేను.

ఇవన్నీ తెలియక చేశామని చెప్పుకునే దారి మాకు లేదు. తరగతిలో ఏటా చెబుతాను: 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో జనం రాలిపోతుంటే, సైన్యాధికారి విలోబీ హూపర్ ఎముకల గూళ్లను వరసలో కూర్చోబెట్టి, స్టూడియోలో కుటుంబ ఫొటో తీసినట్టు తీశాడు. ఆ కరువు మన రాయలసీమనూ తిన్నది. అదే హూపర్ 1886లో మాండలేలో మరణశిక్షలను ఫొటో తీసి విచారణ పాలయ్యాడు. డొరోతియా లాంగ్ గురించి చెబుతాను. 1936లో కాలిఫోర్నియా బఠాణీ తోటల దగ్గర ఆమె తీసిన తల్లి బొమ్మ ప్రపంచంలో అందరికీ తెలుసు. ఆ తల్లి పేరు మాత్రం అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే పేరు లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల తనకు పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. ఆ బొమ్మలో కుడివైపు కింద మూలన గుడారపు కర్ర పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. బొమ్మకు అడ్డమని తర్వాత దాన్ని చెరిపేశారు. ఇది నాకిష్టమైన పాఠం. ఆ వేలు చెరిపేస్తే ఏం పోయిందో చెప్పండి అని పరీక్షలో కూడా ఇచ్చాను.

మా అరుగు ఫొటోలో ఎడమవైపు అంచున ఒక పాదం పడింది. వెండి మెట్టె పెట్టిన పాదం. గోడవార నిలబడ్డ యారాలిది. విద్యార్థి దాన్ని అలాగే ఉంచాడు. ప్రదర్శనకు అచ్చు వేయించేటప్పుడు "అది కత్తిరించు, ఖాళీ కావాలి" అని చెప్పింది నేను. ఆ నోటితోనే బొటనవేలి గురించి చెప్పినవాణ్ని.

చైనాలోని యునాన్‌లో 1990ల్లో పల్లె ఆడవాళ్ల చేతికే కెమెరాలిచ్చి, మీ బతుకు మీరే తీయండి అన్నారు. ఆ పద్ధతి కూడా మా పాఠాల్లో ఉంది. మా పథకంలో 'గ్రామస్థుల భాగస్వామ్యంతో' అని రాసుకున్నాం. ఆరు రోజుల్లో మా కెమెరా ఊళ్లో ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. ఖరీదైంది, పగిలితే ఎవరిస్తారన్న భయం. ఒక పిల్లవాడు ముట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాం. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్నయితే ఎవరూ ఫొటో తీయలేదు.

ఒంటరితనమే కావాలంటే ఊళ్లో అది లేకపోలేదు. డిసెంబరు అంటే యాసంగి నాట్ల కాలం. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ నీళ్లొచ్చాక మా వైపు నాట్లకు మనుషులు చాలక బీహార్, బెంగాల్ నుంచి గుంపులు వస్తున్నాయి. రైస్‌మిల్లుల్లో హమాలీలూ వాళ్లే. మా పిల్లలు షార్జాలో రేకుల గదిలో ఉంటే, వాళ్ల పిల్లలు మా ఊరి మిల్లు వెనక రేకుల గదిలో ఉంటున్నారు. మాట రాదు, పండక్కి పిలిచే ఇల్లు లేదు, వాళ్ల పేరు కూడా ఎవరికీ తెలియదు. ఒక విద్యార్థి వాళ్లను తీస్తానన్నాడు. "మన అంశం స్థానికులు" అని ఆపాను. మా కొడుకుల గురించి అరబ్బులు ఇదే అంటారని నాకు ఆ పూట గుర్తుకు రాలేదు.

ఇక మా అవ్వ. ఇది రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగానేమో.

బాపు పోయి తొమ్మిదేళ్లయింది. అవ్వ ఒక్కతే ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి పోతాను. నెలనెలా బీపీ గోలీలకు డబ్బు పంపుతాను. హైదరాబాద్ రమ్మంటే ఆ డబ్బాల్లో నేనుండలేనంటుంది, నాకూ లోపల హాయిగా ఉంటుంది. ఆ ఆరు రోజులూ పన్నెండు మందికి రెండు పూటలా వండింది. మక్క గారెలు చేసింది, సర్వపిండి చేసింది. పిల్లలు పొగిడితే ముఖమంతా వెలుగు. అయిదో రోజు ఆ కృష్ణా తీరపు అమ్మాయే నెమ్మదిగా అంది: "సార్, అమ్మగారు రాత్రి టీవీ ఆపరు. సౌండ్ తగ్గించి అలాగే ఉంచుతారు. ఎందుకమ్మా అంటే, ఇండ్ల మనిషి గొంతు ఇనపడుతది గద బిడ్డా అన్నారు. అమ్మగారిని ఒక ఫొటో తీద్దామా?"

వద్దన్నాను. మన ఇంటివాళ్లను పెట్టుకుంటే తటస్థత పోతుందని ఒక పెద్ద మాట వాడాను. ఆ అమ్మాయి నన్ను ఒక్క క్షణం చూసి ఊరుకుంది. నిజం వేరు. ఆ ఫొటో కింద వ్యాఖ్య రాయాల్సి వస్తుంది. ఈమె కొడుకు ఎక్కడున్నాడు అన్న ప్రశ్న వస్తుంది. మిగతా ఇళ్ల కొడుకులు అప్పు తీర్చడానికి సముద్రం దాటారు. ఈ కొడుకు నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్నాడు. వాళ్లకు సెలవు దొరకదు, పాస్‌పోర్టు కఫీల్ (యజమాని) దగ్గర ఉంటుంది. నా దగ్గర ఏముంది? మాతో పనిచేసినవాళ్లలో, మా ప్రదర్శన చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఇదే ప్రశ్న నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. దుబాయి కొడుకు బొమ్మ మాకు చాలా అనుకూలంగా ఉంది. అది మమ్మల్ని మేము చూసుకోకుండా కాపాడింది.

ఊళ్లో అడిగింది ఒకటే. కెమెరా చూసిన ప్రతి ఇల్లూ అడిగింది. "ఫొటో మాకిస్తరా?" ఒకామెకు పింఛను కాగితాలకు కావాలి. ఒకాయన భార్యతో కలిసి తీయించుకోవాలనుకున్నాడు, నలభై ఏళ్ల కాపురంలో ఇద్దరూ ఉన్న ఫొటో ఒక్కటీ లేదట. ఒక తల్లి, షార్జాలో గుండెపోటుతో చనిపోయిన కొడుకు ఫోన్‌లో మిగిలిన చిన్న బొమ్మను పెద్దది చేసివ్వమంది. అట్లాంటి చావులకు ప్రవాసీ భారతీయ బీమా పరిహారం రాదు, ప్రమాదంలో పోతేనే వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఎక్స్‌గ్రేషియా 5 లక్షలు ప్రకటించేదాకా అట్లాంటి తల్లులు ఎక్కని మెట్టు లేదు. ఆమె మమ్మల్ని డబ్బు అడగలేదు, ఒక అచ్చు అడిగింది. అందరికీ "తప్పకుండా" అన్నాం. ఆ మాట పదకొండు మందీ అన్నారు, నేనూ అన్నాను. తిరిగొచ్చాక పరీక్షలొచ్చాయి, ఎంపికలు, ఫ్రేములు, ప్రదర్శన. పంపే బాధ్యత ఎవరిదని అడిగితే ప్రతివాళ్లూ ఇంకొకరి పేరు చెప్పారు. చివరికి ఎవరూ అడగడం కూడా మానేశారు.

సిరిసిల్ల వైపు మనుషులు కొందరు సుమారు 18 ఏళ్లు దుబాయి జైల్లో ఉండి 2024 మొదట్లో ఇళ్లకు చేరుకున్నారు. వాళ్లు విమానాశ్రయంలో కుటుంబాలను పట్టుకుని ఏడుస్తున్న దృశ్యం టీవీలో చూస్తూ కూర్చున్నప్పుడు, ఎందుకో ఆ తల్లి అడిగిన అచ్చు గుర్తుకొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఆ ఇళ్లల్లో ఒక పాత ఫొటోతోనే సంసారం చేసి ఉంటారు. ఒక అచ్చు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అప్పుడు కూడా వెంటనే కదల్లేదు. ఇంకో నాలుగు నెలలు పట్టింది.

2024 జూన్‌లో, ఏడాదిన్నర తర్వాత, అచ్చులన్నీ రంగుల్లో వేయించి, కత్తిరించకుండా, ఒక అట్టపెట్టెలో పెట్టుకుని పోయాను. భార్యతో ఫొటో కావాలన్న ఆయన అప్పటికి చనిపోయాడు. ఇద్దరూ ఉన్న ఫొటో మేము తీయనేలేదు కనుక ఆ ఇంట్లో ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో, ఏం మాట్లాడానో రాయలేను.

అరుగు ఇంటికి పోతే తాళం వేసి ఉంది. మా ప్రదర్శనలో తాళాలు వేసిన తలుపుల ఫొటోలు ఏడున్నాయి. పాడుబడ్డ పల్లెకు గుర్తుగా పెట్టాం. పక్కింటి పిల్లవాణ్ని అడిగితే, అందరూ బస్సెక్కి ధర్మపురి పోయిండ్రు అన్నాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఛార్జీ లేదు కదా. నరసింహస్వామి గుడికి, గోదారి స్నానానికి, వేములవాడకు, ఊరికే జగిత్యాల బజారుకు, చేతిలో పైసా లేకపోయినా పోయి వస్తున్నారు. పొద్దుగూకే వేళకు బస్సు దిగారు, ముగ్గురూ, వాళ్లతో మా అవ్వ కూడా. తడి జుట్లు, కుంకుమ పొట్లాలు. అవ్వ ఇట్లా బయటికి పోతుందని నాకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగేది గోలీలు వేసుకున్నావా అన్నది ఒక్కటే.

అరుగు ఫొటోలోని పెద్దామె, చిన్నవ్వ (నేనామెను అట్లాగే పిలవాలి, ఆ ప్రదర్శన కాగితాల్లో 'బీడీ కార్మికురాలు' అని రాశాను) ఫొటో చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. తన ముఖం గురించి ఏమీ అనలేదు. "వీళ్లిద్దరేరి?" అంది. నేను మాట్లాడలేదు. ఆమె వేలు అంచు దాకా పోయింది. "గిది మా యారాలి కాలు. గీ మెట్టె వేములాడల కొనిచ్చిన" అని ఆమెను దగ్గరకు పిలిచి చూపించింది. ఇద్దరూ ఆ పాదాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

తర్వాత చిన్నవ్వే అంది, ఇప్పుడు తియ్యి అని. కెమెరా తేలేదు, ఫోన్ ఉంది. ముగ్గురూ అరుగు మీద సర్దుకున్నారు. "అక్కా, నువ్వు గూడ రా" అని మా అవ్వను లాగి మధ్యలో కూర్చోబెట్టారు. అవ్వ కొంగు సవరించుకుని నా వైపు చూసింది. తీశాను. చిన్నవ్వ ఫోన్‌కు అక్కడికక్కడే పంపించాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అన్నం వేళకు షార్జా నుంచి కొడుకు బోటిమ్‌లో వచ్చాడు. చిన్నవ్వ ఫోన్‌ను డబ్బాకు ఆనించి పెట్టింది. ఫొటో అప్పటికే వాడికి చేరినట్టుంది. మంచిగచ్చింది అవ్వా, ఎవలు తీసిండ్రు అని అడిగాడు. నేను మా అవ్వ పక్కనే కూర్చుని ఉన్నాను. చిన్నవ్వ మా ఇద్దరి వైపూ చూసింది.

"అక్క కొడుకు బిడ్డా. హైద్రబాద్‌ల సారు లేడా? ఎప్పుడన్న ఒకపారి అస్తడు."